చలికాలపు ఉదయాల్లో హ్యాండిల్ డీజిల్ ఇంజిన్: ఏళ్ల వాడకం తర్వాత

బూర్జ మండలంలో నాగావళి ఒడ్డున ఉన్న మా కూరగాయల తోటకు ఏళ్ల తరబడి నీరు తోడుతున్నది 5 హెచ్‌పీ సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజిన్. 1500 ఆర్‌పీఎం, నీటితో చల్లబడే రకం, హ్యాండిల్‌తో తిప్పి స్టార్ట్ చేయాలి. ఎండాకాలంలో దీనితో చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. ధనుర్మాసపు ఉదయాల్లోనే మొరాయిస్తుంది.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని సుమారు పదహారో వంతుకు నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. చల్లబడిన సిలిండర్ ఆ వేడిని లాగేసుకుంటుంది, చిక్కబడిన ఆయిల్ వల్ల హ్యాండిల్ బరువెక్కుతుంది, తిప్పే వేగం తగ్గేకొద్దీ పిస్టన్ రింగుల పక్కనుంచి గాలి జారిపోతుంది. ఎస్‌ఏఈ 40 ఆయిల్ మానేసి చలిలో పలచగా ఉండే 20డబ్ల్యూ-40 పోసినప్పుడు ఆ బరువు తగ్గిన సంగతి చేతికే తెలిసింది.

ముందుగా, వాల్వు తెరిచి ఉంచి సిలిండర్‌లో ఒత్తిడి లేకుండా చేసే డికంప్రెషన్ లివర్ ఎత్తి, హ్యాండిల్ నెమ్మదిగా తిప్పుతూ చెవి పెట్టి వినాలి. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ 'కిర్రు'మంటే డీజిల్ అందుతున్నట్టు. అనకపోతే లైనులో గాలి ఉన్నట్టు, దాన్ని తీయకుండా ఎంత తిప్పినా మిగిలేది భుజం నొప్పే. తర్వాత, రాత్రే ఖాళీ చేసి ఉంచిన వాటర్ జాకెట్‌లో (సిలిండర్ చుట్టూ నీరు తిరిగే ఖాళీలో), కింది గొట్టం మూసి, స్నానానికి కాచినంత వేడి నీళ్లు పై గొట్టం గుండా నిదానంగా పోసి, సిలిండర్ పై మూత అయిన హెడ్డు మీద చేయి పెడితే వెచ్చగా తగిలేదాకా ఆగుతాను. మరిగే నీళ్లు పోస్తే చల్లటి పోత ఇనుము పగిలే ప్రమాదం ఉంది. స్టార్ట్ కాగానే కింది గొట్టం తెరవడం మరవకూడదు.

గాలి పీల్చే గొట్టం దగ్గర కిరోసిన్ గుడ్డ వెలిగించి పట్టేవాళ్లు మా వైపు ఉన్నారు. దానితో స్టార్ట్ అవుతుంది, కాదనను. కానీ మసి నేరుగా సిలిండర్‌లోకి పోతుంది, పైగా డీజిల్ ట్యాంకు జానెడు దూరంలోనే ఉంటుంది. పెట్రోలు చల్లడం ఇంకా చెడ్డది: పిస్టన్ పైకి చేరకముందే అంటుకుని హ్యాండిల్ వెనక్కి తంతుంది. అసలు ఎప్పుడైనా బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచి హ్యాండిల్ పట్టుకోవాలి. రింగులు అరిగిన ఇంజిన్‌కైతే ఇన్‌లెట్‌లో నాలుగు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేయడం మేలు. అది రింగుల సందు మూసి కంప్రెషన్ నిలుపుతుంది.

మొదట వచ్చే తెల్లపొగ కాలని డీజిలే కనుక, అది పలచబడ్డాకే పూర్తి వేగానికి తెస్తాను.

కరెంటు లైను ఉన్న పొలానికి దీన్ని కొనమని చెప్పను. లైను చేరని ఏటి గట్టు మడులకు మాత్రం ఇది నమ్మదగినదే. పాతది కొనేవాళ్లు తెల్లవారుజామునే వెళ్లి, అమ్మేవాడు ముందే ఒకసారి నడిపి ఉంచాడేమో హెడ్డు తాకి చూసుకుని, ఆ తర్వాతే స్టార్ట్ చేయించి చూడాలి.