లక్కు, ఛాన్సు పాఠం: బరంపురంలో ఒక స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు

బరంపురం పాత బస్టాండు చుట్టుపక్కల స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులకు కొదవ లేదు. వాటిలో ఒక సెంటరు సాయంత్రం బ్యాచికి అదృష్టం, అవకాశం చుట్టూ తిరిగే మాటల మీద వారం పాటు పాఠం చెబుతుంది. రోజుకో గంట, చేతికి నాలుగు పేజీల జిరాక్సు, చివర్న నోటిపరీక్ష. తెలుగిళ్ల పిల్లలూ ఒడియా పిల్లలూ కలిసే కూర్చుంటారు, మాస్టారు ఇద్దరికీ వాళ్ల భాషలోనే సర్దిచెబుతారు. ఇలాంటి జిరాక్సులే పర్లాకిమిడి దాకా చేతులు మారుతుంటాయి కాబట్టి సెంటరు పేరుతో పనిలేదు.

డబ్బుకు తగ్గ ఫలితం కనిపించేది ‘ఛాన్స్’ దగ్గర. మనకు సినిమాలో ఛాన్సూ, వాన పడే ఛాన్సూ ఒకటే మాట. ఇంగ్లీషులో దాని వెనక వచ్చేది మారుతుంది. చేతికందిన అవకాశమైతే ‘ఎ ఛాన్స్ టు స్పీక్’. జరగొచ్చు, జరక్కపోవచ్చు అనే లెక్కైతే ‘ఎ ఛాన్స్ ఆఫ్ రెయిన్’, ‘ఛాన్స్ ఆఫ్ గెటింగ్ ఎ సీట్’. ‘ఛాన్సెస్ ఆర్’ అని ఎత్తుకుంటే ‘చాలామటుకు’ అన్నట్టు. మనవాళ్లు ‘రెయిన్ ఛాన్స్ ఈజ్ దేర్’ అనేస్తారు, ఎందుకంటే తెలుగు వాక్యం ‘ఉంది’తో ముగుస్తుంది. ఇక్కడ మాస్టారు వ్యాకరణం ఏకరువు పెట్టరు. ‘దేరీజ్’ అని ముందు తనే అందిస్తారు, మిగతాది పిల్లాడు పూర్తి చేయాలి. మొదటి రెండు మాటలూ నోటికి పడితే వెనకవి వాటంతటవే కుదురుకుంటాయి. బ్యాంకు పరీక్షల్లో తప్పు పట్టే ప్రశ్నలకూ ఈ ‘టు’, ‘ఆఫ్’ తేడా పనికొస్తుంది.

‘లక్’ పాఠమూ బాగానే ఉంది. అది లెక్కపెట్టే వస్తువు కాదు కాబట్టి ‘ఎ లక్’ కుదరదు, ‘ఎ బిట్ ఆఫ్ లక్’, ‘ఎ స్ట్రోక్ ఆఫ్ లక్’ అనాలి. ‘బై లక్’ తప్పేం కాదు గానీ, మాటల్లో ‘లకిలీ’ అని మొదలుపెడితేనే నప్పుతుంది. ఉచ్చారణను మాత్రం గాలికొదిలేశారు. ‘లక్కు’ అని చివర ఉకారం తగిలించడం, ‘లక్కీ’ అని కకారం ఒత్తడం మన నోటి అలవాటు. రోజూ అయిదు నిమిషాలు కేటాయిస్తే పోయేది.

అసలు పేచీ మూడో పేజీతో. లక్, ఫార్చ్యూన్, ఫేట్ మూడింటికీ ఎదురుగా ‘అదృష్టం’ అని ఒకే మాట అచ్చేశారు. వాడుకలో ‘ఇట్ కాస్ట్ ఎ ఫార్చ్యూన్’ అంటే బోలెడు డబ్బు వదిలిందని. ఫేట్ మన తలరాతకు దగ్గర, చాలాసార్లు చెడు వైపే మొగ్గుతుంది. తెలుగులో కలిసిరావడం వేరు, తలరాత వేరు అని తెలిసిన పిల్లలకు, ఒడియాలో రాతను ‘కపాళ’ అనే పిల్లలకు, ఈ తేడా చెప్పడం ఎంతసేపు? కోఇన్సిడెన్స్‌కు మాత్రం ‘కాకతాళీయం’ అని సరైన మాటే పెట్టారు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగాయంతే, అందులో మంచీ లేదు, చెడూ లేదు.

అదే పేజీలో ‘ఫ్యాట్ ఛాన్స్’కు ‘ఎక్కువ అవకాశం’ అని రాశారు. ఇది కొంప ముంచే తప్పు. ఫ్యాట్ ఛాన్స్ వెటకారం, ‘జరిగినట్టే లే!’ అన్నమాట. స్లిమ్ ఛాన్స్ అంటే నిజంగానే తక్కువ అవకాశం. ఉద్యోగం వస్తుందా అని అడిగితే ధీమాగా ‘ఫ్యాట్ ఛాన్స్’ అన్నవాడు తన నోటితోనే రాదని చెప్పుకున్నట్టు.

ఏ మాట ఎవరి దగ్గర అనాలో కూడా జిరాక్సు చెప్పదు. ‘ఫ్లూక్’ అంటే గుడ్డి దెబ్బ, బిలియర్డ్స్ ఆట నుంచి వచ్చిన మాట. పక్కవాడి గెలుపును ఫ్లూక్ అంటే వాడి పనితనాన్ని తీసిపారేసినట్టే. పరీక్ష పోయినవాడితో ‘హార్డ్ లక్’ అనొచ్చు. ‘టఫ్ లక్’ అంటే గొంతును బట్టి ‘అయితే నాకేంటి’ అన్నట్టు వినబడుతుంది. ‘టచ్ వుడ్’ ఇప్పటిదాకా బాగున్నదానికి దిష్టి తగలకూడదని అనేది. అమెరికాలో దాన్నే ‘నాక్ ఆన్ వుడ్’ అంటారు. రాబోయే ఫలితం కోసమైతే ‘ఫింగర్స్ క్రాస్డ్’. పిల్లలు రెండూ కలిపేస్తున్నారు, సరిదిద్దేవాళ్లు లేరు.

‘ప్రాబబ్లీ’కి ఇంత శాతం, ‘పాసిబ్లీ’కి ఇంత శాతం అని వేసిన పట్టికను నమ్మక్కర్లేదు. వరస మాత్రం సరైనదే, పాసిబ్లీ కంటే ప్రాబబ్లీ గట్టిది. అన్నింటికీ ‘మేబీ’ అనే అలవాటు మానిపించాల్సింది. గోపాల్‌పూర్ హోటల్లో గది అడిగిన విదేశీయుడికి ‘మేబీ’ అంటే లేదన్నట్టే తోచి ఇంకో చోటు వెతుక్కుంటాడు.

ఆఖరి రోజు మాటల పుట్టుక చెబుతారు. హాపెన్, పర్‌హాప్స్, మిస్‌హాప్, చివరికి హాపీ కూడా, అదృష్టం అనే అర్థమున్న ‘హాప్’ నుంచే పుట్టాయి. హజార్డ్ ఒకప్పుడు పాచికలాట. ఇలా వింటే బాగా గుర్తుంటాయి, ఆ గంట దండగ కాదు. 1754లో ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్పోల్ పుట్టించిన ‘సెరెండిపిటీ’కి, అంటే వెతక్కుండానే మంచిది తారసపడటానికి, పావు పేజీ ఇవ్వడమే అతి, రోజువారీ మాటల్లో దాని అవసరం పడేది తక్కువ.

ఈ వారానికి మాత్రమే విడిగా చేర్చుకోరు, మొత్తం కోర్సు కట్టాల్సిందే. నోరు తిరగని డిగ్రీ పిల్లలకు, దుకాణాల్లో పనిచేసేవాళ్లకు చేరడం లాభమే. కాస్తోకూస్తో మాట్లాడగలిగినవాళ్లు ఒక డెమో క్లాసు విని ఊరుకోవచ్చు. చేరేవాళ్లు మూడో పేజీని మంచి లెర్నర్స్ డిక్షనరీ పక్కన పెట్టుకుని దిద్దుకున్నాకే బట్టీ పట్టండి.