హాలోవీన్ ముందా, టెక్సాస్ చైన్ సా ముందా?

స్లాషర్ సినిమాలు (హంతకుడు ఒక్కొక్కరినీ వెంటాడి చంపే హారర్ సినిమాలు) కొత్తగా చూసేవాళ్లు ఈ రెండింట్లో దేంతో మొదలుపెట్టాలి? నా ఓటు ‘హాలోవీన్’ (1978)కే. దర్శకుడు జాన్ కార్పెంటర్ చేతిలో ఉన్నది సుమారు 3 లక్షల డాలర్లు. కథేమో ఇల్లినాయిస్‌లో, ఆకులు రాలే అక్టోబరు ఆఖర్లో జరగాలి. షూటింగ్ కాలిఫోర్నియాలో, వసంతకాలంలో. మరి రాలిన ఆకులెక్కడివి? ఆకులకు రంగులేసి వీధిలో చల్లేవాళ్లు, షాట్ అయ్యాక మళ్లీ సంచుల్లోకి ఎత్తుకునేవాళ్లు. అయినా కొన్ని ఫ్రేముల్లో వెనక చెట్లు పచ్చగా కనిపిస్తూనే ఉంటాయి! హంతకుడి ముసుగు నిజానికి ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్‌లోని కెప్టెన్ కర్క్ పాత్రది. కనుబొమ్మలు పీకేసి, కంటి రంధ్రాలు పెద్దవి చేసి, తెల్లరంగు కొట్టారంతే. సంగీతం కూడా కార్పెంటరే చేసుకున్నాడు.

టోబీ హూపర్ ‘ది టెక్సాస్ చైన్ సా మాసకర్’ (1974) దారి వేరు. 16 ఎంఎం కెమెరా, 1973 వేసవి, మాడ్చేసే ఎండ. విందు సీన్‌ను ఏకబిగిన 24 గంటలకు పైగా తీశారు. కిటికీలు మూసిన గదిలో మాంసం కుళ్లి కంపు కొడుతోంది. నటుల మొహాల్లో ఆ చిరాకు అసలైనదే.

రక్తం రెండింట్లోనూ మనం అనుకున్నంత ఉండదు. కానీ కార్పెంటర్ టెన్షన్ పెడతాడు, హూపర్ ఊపిరాడనివ్వడు. రాత్రి ఒక్కరే చూసేట్టయితే రెండోది పక్కన పెట్టండి.