తాగుడుకు, మనసు జబ్బుకు ఒకే ఓపీ: ఏళ్లుగా వాడుతున్న ఇంటోళ్ల సమీక్ష

తాగుడు మాన్పించడానికి, దాంతోపాటు ఉన్న మనసు జబ్బుకు, దవాఖానలో చేర్చకుండా ఇంటి దగ్గరే ఉంచి చేసే వైద్యం గురించి ఇది. వరంగల్ చుట్టుపక్కల ఒక సర్కారు ఓపీలో మా ఇళ్లలోని మనుషుల కోసం ఏళ్లుగా ఈ వైద్యం వాడుతున్నాం. చాలామందికి ఇది సరిపోతుంది. నెలల తరబడి తాళం వేసి ఉంచే సెంటర్ల కంటే ఇదే నయమని గట్టిగా చెప్తాం. కానీ ఇందులో డాక్టరు మనకిచ్చేది నెలకు పది నిమిషాలు. మిగతా పనంతా ఇంట్లో జరగాలి. ఆ పని ఏంటో వరుసలో నిలబడ్డప్పుడు ఎవరూ విడమరిచి చెప్పరు.

ఈ ఓపీలో అన్నిటికన్నా మంచి సంగతి, రెండు జబ్బులనూ ఒకే డాక్టరు ఒకే చీటీ మీద చూడటం. "ముందు తాగుడు బంద్ చేయించుకొని రాండ్రి, తర్వాత మనసు సంగతి చూద్దాం" అని తిప్పి పంపే చోట్లు ఇంకా ఉన్నాయి. అది తప్పుడు పద్ధతి. దిగులుతో తాగేవాడికి దిగులు తగ్గకపోతే మళ్లీ సీసా పడతాడు. చెవుల్లో మాటలు వినిపించేవాడు వాటి పోరు పడలేక తాగుతాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా తాగుడు, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులను మానసిక జబ్బు నిర్వచనంలోనే చేర్చింది. కాబట్టి రెండిటికీ వైద్యం అడగడం హక్కే.

ఏది ముందొచ్చిందో తేల్చడానికి మాత్రం టైం పడుతుంది. తాగుడు మానిన మొదటి మూడు నాలుగు వారాల్లో దిగులు, చిరాకు, నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటాయి. తాగకుండా ఉంటే అందులో చాలావరకు దానంతటదే తగ్గుతుంది. అందుకే మొదటి రోజే దిగులుకు గోలీ రాయకపోతే డాక్టరు పట్టించుకోలేదని అనుకోవద్దు. చావాలన్న మాట వస్తున్నా, తాగని రోజుల్లో కూడా ఇదివరకు ఇలాంటి దిగులు వచ్చిపోయి ఉన్నా ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి. అప్పుడు వారాలు ఆగి చూడరు, వెంటనే మొదలుపెడతారు.

మొదటిసారి పోయేటప్పుడు ఒక కాగితం మీద రాసుకొని పోండి. "రోజూ తాగుతడు సార్" అంటే డాక్టరుకు తెలిసేది ఏమీ లేదు. రోజుకు ఎన్ని క్వార్టర్లు, పొద్దున లేవగానే కావాలా, ఆఖరుసారి ఎన్ని గంటలకు తాగాడు, ఇవి రాయాలి. 42.8 శాతం విస్కీ క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లలో, సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. లెక్క తెలిస్తేనే గోలీల మోతాదు సరిగ్గా పడుతుంది. ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, కామెర్లు అయ్యాయా, షుగర్, బీపీ గోలీలు ఏవి మింగుతున్నాడు, ఎప్పుడైనా ఎక్కువ కాలం తాగకుండా ఉన్నాడా, ఆ రోజుల్లో మనసు ఎట్లా ఉంది. ఈ ఆఖరి ప్రశ్నకు జవాబుతోనే సగం రోగ నిర్ధారణ అవుతుంది. కౌన్సెలర్ పది ప్రశ్నలు అడిగి 40కి మార్కులు వేస్తారు. 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తాగుడుకు బానిసయ్యాడని అనుమానించాలి. భార్య పక్కన కూర్చుంటే ఏ మగాడూ ఉన్నది ఉన్నట్టు చెప్పడు. ఇద్దరినీ విడివిడిగా అడగమనండి.

ఇక అందరూ దెబ్బతినేది మొదటి వారంలో. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపితే ఆరు గంటల నుంచే చేతుల వణుకు, చెమటలు, గుండె దడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా అసలు భయం. ఎక్కడున్నాడో తెలియక, లేని మనుషులు, పురుగులు కనబడి, జ్వరంతో ఊగిపోతాడు. ఇది ప్రాణం తీసే స్థితి. కాబట్టి ఇదివరకు ఫిట్స్ గానీ ఇలాంటి మతిభ్రమ గానీ వచ్చినవాళ్లు, కామెర్లు ఉన్నవాళ్లు, కడుపులో నీరు చేరినవాళ్లు, గర్భిణులు, ఇంట్లో చూసే మనిషి లేనివాళ్లు ఓపీ వైద్యానికి పనికిరారు. చేర్పించాల్సిందే. డాక్టరు "అడ్మిట్ కావాలె" అంటే బేరం ఆడొద్దు.

ఇంట్లో ఉంచగలిగినవాళ్లకు ఎక్కువగా క్లోర్‌డయజిపాక్సైడ్ రాస్తారు. చీటీ మీద 25 మి.గ్రా. పక్కన "1–1–2" అని ఉంటుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి రెండు. కింద ఒకటి రెండు రోజులకోసారి "1–0–2", "0–0–2", "0–0–1" అని తగ్గుతూ వారం పది రోజుల్లో సున్నాకు వస్తుంది. లివర్ బాగా దెబ్బతింటే దీని బదులు లోరాజిపామ్ ఇస్తారు. ఆ తగ్గింపు పట్టికను వేరే కాగితం మీద తారీఖులతో పెద్దక్షరాల్లో తిరగరాసి గోడకు అంటించండి. గోలీలు మనిషి చేతికి ఇవ్వకండి, పూటపూటకు మీరే ఇవ్వండి. నిద్ర మంచిగా పడుతోందని తగ్గించకుండా కొనసాగిస్తే ఇది కొత్త అలవాటవుతుంది. ఈ గోలీ మింగి మీద తాగితే ఊపిరి ఆడటం మందగించి ప్రాణం మీదికి వస్తుంది. పూటకు ఇచ్చే ముందు నోరు వాసన చూడటం అనుమానం కాదు, కాపాడుకోవడం.

థయమిన్, అంటే బి1 విటమిన్, సంగతి తెలియక జరిగే నష్టం చాలా ఉంది. తాగేవాళ్ల పేగులు బి1 విటమిన్‌ను సరిగ్గా పీల్చుకోవు. అందుకే మొదట్లో సూదిమందుగా ఇచ్చి, తర్వాత 100 మి.గ్రా. గోలీలు నెలల తరబడి వాడమంటారు. "తాగి తాగి నీరసపడ్డడు" అని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు బాటిల్ ఎక్కించడం మన దగ్గర మామూలు. థయమిన్ లేని ఒంట్లోకి గ్లూకోజు పోతే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. నడక తూలడం, కళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం, మాట తికమకపడటం దాని గుర్తులు. చూపించడం ఆలస్యమైతే జ్ఞాపకశక్తి పోయి తిరిగి రాదు. బాటిల్ తప్పదంటే ముందు థయమిన్ వేయమని అడగండి.

కల్లు తాగేవాళ్ల లెక్క వేరు. చెట్టు మీద నుంచి దించిన తాటికల్లు, ఈతకల్లుకు, దుకాణంలో పొడి కలిపిన కల్లుకు సంబంధమే లేదు. ఆ పొడుల్లో దొరికేవి అల్ప్రజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్. వీటికి అలవాటుపడ్డ ఒళ్లు ఒక రోజు కల్లు అందకపోతే మెడ వంకరపోవడం, ఒంటరిగా మాట్లాడటం, ఫిట్స్ దాకా పోతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూసేయగానే హైదరాబాద్ ఎర్రగడ్డ దవాఖానకు ఇలాంటివాళ్లు వరుస కట్టారు. డాక్టరుకు "కల్లు మాత్రమే" అని తేలిగ్గా చెప్పొద్దు. ఏ దుకాణం, రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా అన్నది చెప్తే మత్తు గోలీల అలవాటుకు ఇచ్చే తగ్గింపు రాస్తారు. అది వారంలో అయ్యేది కాదు. డయజిపామ్‌కు మార్చి వారాల మీద కొంచెం కొంచెంగా దించుతారు. తొందరపెడితే ఫిట్స్ వస్తాయి.

వణుకు తగ్గగానే సగం మంది ఓపీకి రావడం ఆపేస్తారు. నిజానికి వైద్యం అప్పుడు మొదలవుతుంది. మళ్లీ తాగాలన్న యావను తగ్గించే గోలీలు ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్ రోజుకు 50 మి.గ్రా., లివర్ పరీక్ష చూసి ఇస్తారు. ట్రమడాల్ లాంటి నొప్పి గోలీలు వాడుతుంటే ఇది పనికిరాదు. అకాంప్రోసేట్ లివర్ మీద భారం వేయదు, కానీ 333 మి.గ్రా. గోలీలు పూటకు రెండు చొప్పున రోజుకు ఆరు మింగాలి. కూలికి పోయే మనిషి మధ్యాహ్నం డోసు మరిచిపోతాడు. సద్ది గిన్నెతోపాటు కట్టి పంపితే నడుస్తుంది.

డైసల్ఫిరామ్ గురించి గట్టిగా చెప్పాలి. ఇది యావను తగ్గించదు. దీని మీద తాగితే ముఖం ఎర్రబడి, తల పగిలిపోయేలా నొప్పి, వాంతులు, దడ వచ్చి బీపీ పడిపోతుంది. ఆ భయంతో తాగకుండా ఉండాలి. గోలీ ఆపిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. మనిషికి తెలిసి, ఒప్పుకొని వాడితే మంచిగా పనిచేస్తుంది. తెలియకుండా చాయ్‌లో, చారులో కలిపి ఇవ్వడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. గుండెజబ్బు ఉన్నవాళ్లకు, మతి చెదిరిన జబ్బు ఉన్నవాళ్లకు అసలే ఇవ్వకూడదు. "తెలియకుండా తాగుడు మాన్పిస్తాం" అని అమ్మే పేరులేని పొడులను కూడా ఇంట్లోకి రానివ్వకండి. విరేచనాలకు మెడికల్ షాపులో ఇచ్చే మెట్రోనిడజోల్ డైసల్ఫిరామ్‌తో కలిస్తే మతి తప్పొచ్చు. కొన్ని దగ్గు సిరప్‌లలో, హోమియో చుక్కల్లో ఆల్కహాల్ ఉంటుంది. డైసల్ఫిరామ్ వాడుతున్నట్టు ఒక చీటీ జేబులో ఉండాలి.

మనసు జబ్బు గోలీల దగ్గర ఓపిక కావాలి. దిగులుకు ఇచ్చే ఎసిటాలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడతాయి. కడుపులో తిప్పడం మాత్రం మొదటి వారంలోనే వస్తుంది. అందుకే చాలామంది గుణం కనబడకముందే ఆపేస్తారు. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. మతి చెదిరిన జబ్బుకైతే మొదటిసారి వచ్చినా ఏడాది, రెండేళ్లు. గోలీ మింగనని మొండికేసేవాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఫ్లూఫెనజిన్ సూది ఇంట్లో రోజువారీ గొడవను తప్పిస్తుంది.

మతి చెదిరిన జబ్బు మందులు మొదలైన తొలి రోజుల్లో కొందరికి మెడ ఒకవైపు లాక్కుపోయి, కనుగుడ్లు పైకి తేలిపోతాయి. చూసినవాళ్లు గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతారు. అది మందు చేసే పని. దవాఖానలో ప్రోమెథజిన్ సూది వేస్తే కాసేపట్లో మెడ నిలబడుతుంది. తర్వాత బిగుసుకుపోకుండా ట్రైహెక్సీఫెనిడిల్ 2 మి.గ్రా. ఇస్తారు. అసలు గోలీ ఆపకుండా ఆ రోజే చూపించండి. దర్గాకు పోయినా, పోచమ్మకు మొక్కినా అభ్యంతరం లేదు, గోలీ తప్పకపోతే చాలు.

ఉద్రేకం, దిగులు మారిమారి వచ్చే జబ్బుకు లిథియం వాడేవాళ్లకు మన ఎండాకాలం పెద్ద పరీక్ష. ఏప్రిల్, మే నెలల్లో పత్తి కట్టె ఏరడానికో, ఉపాధి పనికో పోయి చెమట కార్చితే, విరేచనాలు పట్టుకుంటే, ఒంట్లో నీరు తగ్గి రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఒళ్లు నొప్పులకు కొనే డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ కూడా దాన్ని పెంచుతాయి. పారాసిటమాల్ వాడుకోవచ్చు. చేతులు బాగా పెద్దగా వణకడం, వాంతులు, తూలడం కనబడితే గోలీ ఆపి అదే రోజు పోవాలి. రక్త పరీక్షకు రాత్రి డోసు వేసుకున్న పన్నెండు గంటలకు నమూనా ఇవ్వాలి, పొద్దుటి గోలీ పరీక్ష అయ్యాకే వేసుకోవాలి. వేసుకొని పోతే అంకె ఎక్కువ చూపించి మోతాదు అనవసరంగా తగ్గిస్తారు. సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉండేలా చూస్తారు.

గంజాయికి విడిగా గోలీ అంటూ లేదు. చిరాకు, నిద్రలేమి మొదటి వారంలో ఎక్కువగా ఉండి రెండు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. పోలీసు కేసు భయంతో పిల్లలను దాచిపెట్టకండి. డాక్టరు గోప్యత పాటించాలని చట్టం ఉంది. కొద్ది మొత్తంతో పట్టుబడి, తనంతట తాను వైద్యానికి ఒప్పుకున్నవాళ్లకు మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 64ఎ సెక్షన్‌లో మినహాయింపు కూడా ఉంది.

లోపాలు కూడా ఉన్నాయి. మేము పోయే చోట గోలీలు అన్నీ ఎప్పుడూ ఉండవు. ఉన్నా పదిహేను రోజులకే ఇచ్చి మళ్లీ రమ్మంటారు. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చేవాళ్లకు ఒక రోజు కూలి పోతుంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి తల్లో, భార్యో చీటీ పట్టుకొని వచ్చి గోలీలు తీసుకుపోతున్నారు. మనిషి నిలకడగా ఉన్నప్పుడు అది నడుస్తుంది, మోతాదు మార్చే రోజు మాత్రం అతను రావాల్సిందే. డాక్టర్లు మారుతుంటారు, కొత్తాయన వచ్చినప్పుడల్లా కథంతా మొదటి నుంచి చెప్పాలి. గది తలుపు తెరిచే ఉంటుంది, వెనక వరుసలో ఉన్నవాళ్లకు అన్నీ వినబడతాయి. చెప్పుకోలేని మాట ఉంటే కాగితం మీద రాసి ఇవ్వండి, లేదా తలుపు వేయమని అడగండి. కౌన్సెలింగ్‌కు టైం చాలదు. రద్దీ తగ్గే మధ్యాహ్నం వేళకు రమ్మంటారేమో కౌన్సెలర్‌నే అడిగి చూడండి. గోలీలు ఇంకా వారానికి ఉండగానే బయలుదేరండి. కౌంటర్‌లో లేకపోతే బయట కొనడానికో, ఇంకోచోట అడగడానికో వ్యవధి ఉంటుంది.

దసరాకు, పెళ్లిళ్లకు, మేడారం జాతరకు ముందు ఓపీకి పోయి రావడం మంచిది. సాక పోసిన కల్లు ప్రసాదమని ఒక్క గుక్క తాగించే చుట్టాలకు ముందే చెప్పి పెట్టండి. జారి తాగితే తిట్టి ఇంట్లో కూర్చోబెట్టకుండా మర్నాడే తీసుకుపోండి. జారుడు ఈ జబ్బులో భాగమే, వైద్యం మళ్లీ మొదటికి రాదు.

పత్తి, మిర్చి పండించే ఇళ్లలో పురుగుల మందు డబ్బా అటక మీద ఉంటుంది. దిగులు ఉన్న మనిషి ఉన్నన్నాళ్లు దాన్ని ఇంట్లో ఉంచొద్దు, పాలివాళ్ల ఇంట్లో తాళం కింద పెట్టించండి. రాత్రిపూట మాట తేడాగా వినబడితే మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైన్ టెలిమానస్ 14416కు చేయండి, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. మత్తు గురించి 14446. పురుగుల మందు లాంటిది ఏదైనా తాగినట్టు అనుమానమొస్తే ఆలోచించకుండా 108, డబ్బా కూడా వెంట తీసుకుపోండి.

పాత చీటీలు ఒక్కటి కూడా పారేయకండి. జబ్బు ఏళ్ల తరబడి ఉండి పని చేసుకోలేని స్థితిలో ఉంటే వైకల్య ధ్రువపత్రానికి అర్హత రావచ్చు. అక్కడ ఐడియాస్ అనే పద్ధతిలో నాలుగు విషయాలు చూస్తారు: ఒంటి శుభ్రత, మనుషులతో మెలగడం, చెప్పింది అర్థం చేసుకొని మాట్లాడటం, పని. వాటికి తోడు ఎంత కాలంగా జబ్బుతో ఉన్నాడన్నదానికి కూడా మార్కులు కలుపుతారు. మొత్తం 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తేనే 40 శాతం వైకల్యం లెక్కలోకి వస్తుంది. ఆ కాలానికి రుజువు తారీఖులతో ఉన్న ఓపీ చీటీలే. ప్లాస్టిక్ కవర్లో వరుసగా పెట్టి, ప్రతి చీటీనీ ఫోన్‌లో ఫోటో తీసి ఉంచండి.