జాగ్రత్త: ప్రాగ్‌లోని పాత బీరు హాళ్ళకు టికెట్ అక్కర్లేదు

ప్రాగ్ వెళ్ళే ప్లాన్‌లో ఉన్న మనవాళ్ళకు ముందే చెప్తున్నాను. 'ఐదు వందల ఏళ్ళ నాటి బీరు హాళ్ళ టూర్' అంటూ ఆన్‌లైన్‌లో కనిపించే టికెట్లు తొందరపడి కొనకండి. మేం నలుగురం తలకు 55 యూరోల చొప్పున 220 యూరోలు కట్టాం. ఆ పాత హాళ్ళలో ఒక్కదానిలో కూడా కూర్చోలేదు. మర్నాడు టికెట్ లేకుండా మా అంతట మేం నడుచుకుంటూ వెళ్తే అదే తలుపు తెరిచే ఉంది.

మేం ఉండేది మ్యూనిక్ దగ్గర. అక్టోబరులో గుంటూరు నుంచి అక్కా బావా వచ్చారు. బావకు పాత కట్టడాలంటే ప్రాణం. 1499 నుంచి బీరు కాస్తున్న 'ఉ ఫ్లెకూ' గురించి ఎక్కడో చదివి, అక్కడికి తీసుకెళ్ళమని వచ్చిన రోజు నుంచీ అడుగుతున్నాడు. నేను వెతికితే ఈ టూర్ దొరికింది. పేజీలో నల్లబడ్డ చెక్క బల్లలు, రంగుటద్దాల కిటికీలు, నురగ తేలే నల్ల బీరు ఫొటోలు. కింద 'నాలుగు చారిత్రక బీరు హాళ్ళ సందర్శన, బీరుతో సహా' అని ఉంది. లోపల కూర్చోబెడతామని కానీ, ఆ బీరు ఎక్కడ ఇస్తామని కానీ ఎక్కడా లేదు. ఆ సంగతి నేను డబ్బులు కట్టాక చూశాను.

గైడ్ మమ్మల్ని పౌడర్ టవర్ దగ్గర కలిశాడు. గంటన్నర నడిపించాడు. ప్రతి హాలు ముందూ ఆగి, పేరు చెప్పి, 'ఫొటో తీసుకోండి, లోపల రద్దీగా ఉంది' అని ముందుకు కదిలాడు. ఉ ఫ్లెకూ గుమ్మం ముందు బావ లోపలికి తొంగి చూస్తుంటే, 'టైమ్ లేదు' అన్నాడు. చివరికి ఒక కొత్త బేస్‌మెంట్ బార్‌లోకి దించి, ప్లాస్టిక్ గ్లాసుల్లో చిన్న బీరు ఒక్కొక్కటి ఇప్పించాడు. టికెట్‌లో చెప్పిన బీరు అదేనట. అక్క, మా ఆవిడ బీరు తాగరు. వాళ్ళకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

పోతూ పోతూ, 'మీకు అసలైన పాత హాలు కావాలంటే ఇక్కడికి వెళ్ళండి' అని ఓల్డ్ టౌన్ స్క్వేర్ దగ్గర ఒక చోటు చూపించాడు. అసలు దెబ్బ అక్కడ తగిలింది. కూర్చోగానే వెయిటర్ ఏమీ అడగకుండా నాలుగు చిన్న గ్లాసుల్లో తేనె రంగు మద్యం తెచ్చి పెట్టాడు. బల్ల మీద ముందే ఉప్పు బిస్కట్ల బుట్ట ఉంది. 'ఏమోరా, వాళ్ళ అతిథి మర్యాదేమో, వద్దంటే బాగోదు' అని బావ ఒక గ్లాసు తాగాడు. మేం అడిగింది నాలుగు బీర్లు, రెండు లెమనేడ్లు. మెనూ ప్రకారం 530 కొరునాలు (చెక్ దేశపు డబ్బు) కావాలి. బిల్లు 1,651 వచ్చింది. తాగని రెండు బీర్లు, నాలుగు చిన్న గ్లాసులకు 596, బిస్కట్లకు 120, పైన 15 శాతం సర్వీస్ చార్జి. అరగంట వాదిస్తే ఆ రెండు బీర్లు మాత్రం కొట్టేశారు. 1,433 కట్టి బయటపడ్డాం. డబ్బు సంగతి అలా ఉంచండి, 'నా వల్లే కదా' అని బావ ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉన్నది అదే.

అందుకే అక్కడి పద్ధతి వివరంగా రాస్తున్నాను. చెక్ బీరు హాళ్ళలో చాలాచోట్ల బల్ల మీద ఒక చిన్న కాగితం పెడతారు. బీరు తెచ్చినప్పుడల్లా వెయిటర్ దాని మీద పెన్నుతో ఒక గీత గీస్తాడు. అదే మీ లెక్క. గ్లాసు ఖాళీ అయితే అడగకుండానే ఇంకోటి తెచ్చి పెట్టడం అక్కడ మామూలే, అది మోసం కాదు. కానీ గీతలు మీరూ లెక్కపెట్టుకోండి, ప్రతి గ్లాసుకూ కాగితాన్ని ఫొటో తీసుకోండి. చాలనుకుంటే 'జాప్లాతీమె' అనండి, డబ్బు కట్టేస్తాం అని అర్థం. మీరు అడగని గ్లాసు ఏది వచ్చినా, ముట్టుకోకముందే ధర అడగండి లేదా వెనక్కి పంపండి. ముట్టుకున్నాక వాదించడం కష్టం.

డబ్బు కొరునాల్లోనే కట్టండి. యూరోలు తీసుకుంటామంటే రేటు వాళ్ళు చెప్పిందే. కార్డు మెషీన్, ఏటీఎం 'యూరోల్లోకి మార్చాలా' అని అడిగితే వద్దనండి. మనీ ఎక్స్చేంజ్‌లో మోసపోతే మాత్రం ఒక మంచి చట్టం ఉంది. 2019 ఏప్రిల్ నుంచి, 1,000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రసీదు చూపించి రద్దు చేసుకోవచ్చు. ఇంకో మాట, కారులో వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి: జర్మనీలోలా కాదు, చెక్ దేశంలో డ్రైవర్ ఒక్క గుక్క కూడా తాగకూడదు.

మర్నాడు మధ్యాహ్నం బావను నేనే ఉ ఫ్లెకూకు తీసుకెళ్ళాను. పొడవాటి బల్ల మీద ముక్కూమొహం తెలియని వాళ్ళ పక్కన కూర్చోబెట్టారు. అక్కడ కాచేది ఒకే రకం నల్ల బీరు, అదీ వాళ్ళ హాళ్ళలో పోయడానికే. 1762లో ఆ ఇల్లు కొన్న ఫ్లెకోవ్‌స్కీ కుటుంబం పేరే దానికి నిలిచింది. చెక్ భాషలో 'ఉ' అంటే 'ఫలానావాళ్ళ దగ్గర' అని అర్థం. మన ఊళ్ళో కొట్టుకు పేరు పెట్టకపోయినా 'శెట్టిగారి దగ్గర' అంటామే, అలాగన్నమాట. ఇది తెలిశాక ఊళ్ళో బోర్డులన్నీ చదవడం వచ్చేసింది. 1466 నాటి 'ఉ మెద్వీద్కూ' అంటే చిన్న ఎలుగుబంట్ల దగ్గర. 'ఉ పింకాసూ' పింకాస్ అనే దర్జీది. 1842లో పిల్జెన్ ఊళ్ళో పుట్టిన బంగారు రంగు బీరును ప్రాగ్‌లో మొదట పోసింది ఆయనే, ఆ మరుసటి ఏడాది. 'ఉ జ్లాతేహో తిగ్రా', అంటే బంగారు పులి దగ్గర, 1994లో అప్పటి చెక్ అధ్యక్షుడు హావెల్ అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌ను తీసుకొచ్చి కూర్చోబెట్టిన చోటు. అది మధ్యాహ్నం మూడింటికి తెరుస్తారు, తెరవకముందే వెళ్ళి నిలబడితే చోటు దొరుకుతుంది. వీటిలో దేనికీ ప్రవేశ రుసుము లేదు.

ఇక టికెట్ డబ్బుల సంగతి. యూరప్‌లో ఆన్‌లైన్‌లో ఏది కొన్నా 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చని నేను ధీమాగా ఉన్నాను. ఫలానా తేదీకని బుక్ చేసిన వినోద కార్యక్రమాలకు ఆ హక్కు లేదు, టూర్లు అందులోకే వస్తాయి. కాబట్టి కొనేముందే 'లోపల కూర్చుంటామా, ఏ హాల్లో, ఎన్ని లీటర్లు' అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే కొనకండి. మోసపోయాక మిగిలే దారి, చెప్పింది ఇవ్వలేదని కార్డు బ్యాంకులో ఫిర్యాదు చేయడం. టూర్ పేజీ స్క్రీన్‌షాట్లు జతచేసి నేను అదే చేశాను. మూడు వారాలైంది, డబ్బు ఇంకా రాలేదు. వస్తే ఆ సంగతి కూడా రాస్తాను.