ఎర్రగా వెలిగినంత మాత్రాన ఇగ్నైటర్ బాగున్నట్టు కాదు

గ్యాస్ ఓవెన్‌లో మంట రాకపోతే చాలామంది ముందు అనుమానించేది వాల్వ్‌నో, కంట్రోల్ బోర్డునో. గ్యాస్‌ను అంటించే ముక్క, అంటే ఇగ్నైటర్, ఎర్రగా కాలుతూ కనిపిస్తుంది కాబట్టి దాని జోలికి పోరు. ఈ రకం ఓవెన్ ఏళ్లుగా వాడుతున్నాను. మంట పేచీ పెట్టినప్పుడల్లా దోషం చివరికి ఆ ఎర్రగా కాలే ముక్కలోనే తేలింది.

నేను చెప్పేది పై బర్నర్ల దగ్గర టిక్‌టిక్‌మంటూ నిప్పురవ్వ కొట్టే దాని గురించి కాదు. ఓవెన్ అడుగున, బర్నర్ పక్కన బిగించి ఉండే గ్లో ఇగ్నైటర్ గురించి. బూడిద రంగులో ఉండే సిలికాన్ కార్బైడ్ కడ్డీ అది. కరెంటు పారగానే వేడెక్కి కణకణలాడుతుంది. దీనికీ సేఫ్టీ వాల్వ్‌కీ ఒకటే దారిలో, ఒకదాని తర్వాత ఒకటిగా కరెంటు వెళ్తుంది. కడ్డీ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) తగ్గి, కరెంటు పెరుగుతుంది. అది చాలినంత పెరిగాకే వాల్వ్ లోపలి రేకు వేడికి వంగి గ్యాస్ వదులుతుంది. అంటే నిప్పు సిద్ధమయ్యేదాకా గ్యాస్ రాదు. ఈ ఏర్పాటంటే నాకు మొదటి నుంచీ గౌరవమే.

చిక్కంతా ఆ కడ్డీ ముసలిదయ్యాక వస్తుంది. వాడేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. వెలుగుతుంది గానీ వాల్వ్ తెరవడానికి సరిపడా కరెంటు లాగలేదు. ఇది ఒక్క రోజులో జరగదు. మా ఓవెన్‌లో మొదట ప్రీహీట్ నెమ్మదించింది. ఆ తర్వాత కేకు పైన రంగు తేలి, మధ్యలో పచ్చిగా ఉండిపోవడం మొదలైంది. బర్నర్ ఆరి మళ్లీ అంటుకోవాల్సిన ప్రతిసారీ ఆలస్యమై, లోపలి వేడి మరీ పడిపోయేది. ఆఖరికి కాసేపు గ్యాస్ వాసన, ఆపైన భప్‌మని మంట. ఆ దశ వచ్చాక ఓవెన్ వాడొద్దు. వాల్వ్ అరకొరగా తెరుచుకుని, కడ్డీకి గ్యాస్‌ను వెంటనే అంటించే వేడి లేనప్పుడే అలా జరుగుతుంది.

ఇంట్లో చేసుకోగల పరీక్ష సులువే. ఓవెన్ ఆన్ చేసి, అడుగు రేకు కన్నాల్లోంచి చూస్తూ టైము లెక్కపెట్టండి. మంచి ఇగ్నైటర్ అయితే నిమిషం అటూ ఇటూగా బర్నర్ అంటుకుంటుంది. ఒకటిన్నర నిమిషం దాటినా మంట రాలేదంటే ఓవెన్ ఆపేయండి. కడ్డీ రంగు కూడా చూడండి. తెల్లటి పసుపులోకి తిరిగితే సరే, మసక ఎరుపు దగ్గరే ఆగిపోతే అనుమానించాలి. అసలేమీ వెలగకపోతే కడ్డీ చిట్లి ఉండొచ్చు, లేదా అక్కడిదాకా కరెంటే రాకపోవచ్చు.

మల్టీమీటర్‌తో కంటిన్యూటీ చూసి బాగుందని తేల్చేయడం నాకు నచ్చని పద్ధతి. చల్లగా ఉన్నప్పుడు వచ్చే రీడింగ్ కడ్డీ తెగిందా లేదా అన్నదే చెబుతుంది, బలం చెప్పదు. తేల్చేది క్లాంప్ మీటరే. దాని దవడ ఇగ్నైటర్ తీగ ఒక్కదాని చుట్టూ వేసి, ఎన్ని యాంపియర్లు లాగుతోందో చూడాలి. 120 వోల్టుల ఓవెన్లలో బల్లపరుపు కడ్డీ సాధారణంగా 3.2 నుంచి 3.6, గుండ్రటిది 2.5 నుంచి 3 యాంపియర్లు లాగాలి. మా పాత కడ్డీ కంటికి బ్రహ్మాండంగా వెలిగేది, మీటర్ మీద మాత్రం 2.7 దాటలేదు. బల్లపరుపు రకానికి అది చాలదు.

మార్చేటప్పుడు ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేయకూడదు. ఏ వాల్వ్‌కి తగ్గ కడ్డీ దానికే. అన్ని ఓవెన్లకూ సరిపోతుందని అమ్మే చవక రకమూ వాడాను, మోడల్ నంబరు చూసి తెచ్చినదీ వాడాను. చవకది మొదట్లో బాగానే అంటుకునేది. దాని కరెంటు మొదటి నుంచీ కింది గీత దగ్గరే ఉండటంతో, కాస్త అరగగానే పాత కథ మొదలైంది. రెండోది ఇప్పటికీ చురుగ్గా ఉంది. డబ్బు ఇక్కడ మిగుల్చుకోవద్దనే నా మాట.

బిగించడం కష్టం కాదు, ఓపిక కావాలి. ప్లగ్ పీకి, గ్యాస్ కట్టేసి, ఓవెన్ చల్లారాకే చెయ్యి పెట్టండి. బ్రాకెట్ స్క్రూలు వేడికి పట్టేసి ఉంటాయి. తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రే వేస్తే తల అరగకుండా వస్తాయి. ఆ నూనె పూర్తిగా తుడిచేశాకే ఓవెన్ వెలిగించాలి. కడ్డీని వేళ్లతో తాకకుండా పింగాణీ మొదలు పట్టుకోవాలి. అది బలపం కన్నా పెళుసు, పైగా చేతి జిడ్డు దానికి పడదు. తీగలు కలపాల్సి వస్తే పింగాణీ కనెక్టర్లే వేయండి, ప్లాస్టిక్‌వి కరిగిపోతాయి. రెండు తీగల్లో ఏది ఎటు కలిపినా ఫర్వాలేదు. ఓవెన్ ఆపేసి ఉన్నప్పుడు కూడా వాసన వస్తుంటే మాత్రం అది ఇగ్నైటర్ గొడవ కాదు. గ్యాస్ కట్టేసి, స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికి వచ్చి గ్యాస్ వాళ్లకు ఫోన్ చేయండి.

ఇందులో నాకు నచ్చనివీ ఉన్నాయి. మంట ఉన్నంతసేపూ కడ్డీ కాలుతూనే ఉండి 300 నుంచి 400 వాట్ల దాకా తింటుంది. కరెంటు పోతే అగ్గిపుల్లతో వెలిగించే వీలు లేదు, వాల్వే తెరుచుకోదు. అలాగని వాల్వ్‌కి నేరుగా మెయిన్స్ కరెంటు ఇచ్చి పరీక్షించే సాహసం ఎవరూ చేయొద్దు. దాని వాటాకి వచ్చేది మూడు వోల్టులు అటూ ఇటూ మాత్రమే. మెయిన్స్ తగిలితే అప్పటిదాకా బాగున్న వాల్వ్ కాస్తా కాలిపోతుంది.