అమృత్ ఫ్యూజన్: నల్లగొండ ఎండలో దాచాల్నా, తాగాల్నా?

"ఈ ఫుల్లు బాటిల్ కొని పదేండ్లు బీరువాల పెడితే రేటెంత పలుకుతది?" సింగిల్ మాల్ట్, అంటే ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతోనే కాచిన విస్కీ, కొనేవాళ్లు వైన్స్ కౌంటర్ దగ్గర ఈ మధ్య అడిగే ప్రశ్న ఇది. అమృత్ వాళ్ల సింగిల్ మాల్ట్ ఫ్యూజన్ సంగతికొస్తే జవాబు సూటిగానే ఉంది: ఏమీ పలకదు. తాగడానికైతే మాత్రం మన దేశంలో తయారయ్యే విస్కీల్లో ఇంత గట్టి సరుకు తక్కువ.

అమృత్ కంపెనీ 1948లో బెంగళూరులో మొదలైంది. తన సింగిల్ మాల్ట్‌ను 2004లో గ్లాస్గోకు తీసుకుపోయి అమ్మకానికి పెట్టింది. స్కాచ్ వాళ్ల వాకిట్లోనే దుకాణం తెరిచినట్టన్నమాట. ఫ్యూజన్ 2009లో వచ్చింది. మరుసటి ఏడాది తన విస్కీ గైడ్‌లో విమర్శకుడు జిమ్ ముర్రే దానికి 97 మార్కులిచ్చి ప్రపంచంలో మూడో స్థానంలో కూర్చోబెట్టాడు. మార్కుల సంగతి ఎట్లున్నా సీసాలో ఉన్నది ఇది: సుమారు ముప్పావు వంతు మన ఉత్తరాది బార్లీ, పావు వంతు స్కాట్లాండ్ నుంచి తెచ్చిన, పీట్ పొగ పట్టించిన బార్లీ. పీట్ అంటే బురద నేలల్లో వేల ఏండ్లు పేరుకుని గట్టిపడ్డ మొక్కల మట్టి. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు దాన్ని కాలుస్తారు, ఆ పొగే గింజకు పడుతుంది. రెండు రకాలనూ వేర్వేరుగా కాచి, వేర్వేరుగా ఓక్ పీపాల్లో ఉంచి, చివర్లో కలుపుతారు. మన దేశపు మామూలు విస్కీల్లో చాలావాటికి మొలాసిస్ (చెరకు మడ్డి) స్పిరిటో ధాన్యపు స్పిరిటో ఆధారం. ఇందులో మొలకెత్తించిన బార్లీ తప్ప ఇంకోటి లేదు.

లేబుల్ మీద వయసు, అంటే పీపాలో గడిపిన ఏండ్లు, కనబడదు. దానికి సిగ్గుపడాల్సిన పనీ లేదు. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైపోతే బెంగళూరులో 10 నుంచి 12 శాతం పోతుంది. లెక్క వేసి చూడండి: నాలుగేండ్లలో మూడో వంతుకు పైగా గాలికి పోతుంది. అక్కడ పన్నెండేండ్లకు పోయేది ఇరవై శాతం పైచిలుకే. వేడికి చెక్కలోని రుచి కూడా త్వరగా దిగుతుంది. అందుకని మన మాల్ట్‌ను పన్నెండేండ్ల స్కాచ్ పక్కన పెట్టి "చిన్నది" అనడం తప్పు లెక్క.

ఇక గ్లాసు. స్టీలు గ్లాసు, ప్లాస్టిక్ గ్లాసు వద్దు. అడుగు వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉన్న గాజు గ్లాసులో 30 మి.లీ. పోసి ఐదు నిమిషాలు వదిలేయండి. ముక్కు లోపలికి దూర్చొద్దు, 50 శాతం ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేం తెలియదు. నోరు కొంచెం తెరిచి అంచు దగ్గర వాసన చూస్తే ముందు బత్తాయి తొక్క గిచ్చినప్పటి వాసన, దాని వెనక తాటిబెల్లం, ఆ తర్వాత నిప్పుల మీద గేగులు కాలుస్తున్నట్టు సన్నటి పొగ. నోట్లో తీపి ముందు, మిరియపు కారం తర్వాత, చివర మాడిన చక్కెర చేదు. ఆ చేదు కొందరికి నచ్చదు. నిజానికి ఆఖరి గుటకలో చెక్క రుచి ఒక పాలు ఎక్కువే అనిపిస్తుంది, ఈ సీసాలో లోపమంటే అదే.

ఒక టీస్పూన్, అంటే 5 మి.లీ. నీళ్లు కలిపితే 30 మి.లీ. విస్కీ 50 నుంచి 43 శాతానికి దిగుతుంది. పొగ వెనక్కి పోయి పండ్ల వాసన పైకి వస్తుంది. చాలామందికి ఈ పాళ్లే కుదురుతాయి. ఏ నీళ్లన్నది నల్లగొండ జిల్లాలో చిన్న విషయం కాదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని పేరు పడిన నేల ఇది. ఫ్లోరైడ్‌కు రుచి ఉండదు, కానీ బోరు నీళ్లలోని సున్నం, ఉప్పదనం విస్కీని చప్పబరుస్తాయి. ఆర్వో నీళ్లు వాడండి. ఐస్ కూడా ఆ నీళ్లతోనే గడ్డకట్టించాలి, అయితే ఐస్ వేస్తే పొగ వాసన ముడుచుకుపోతుంది. సోడా, కూల్‌డ్రింక్ కలపదలచుకుంటే ఈ సీసా కొనకండి, డబ్బు దండగ. స్టఫ్‌కు ఉప్పు తక్కువగా వేయించిన పాలమూరు పల్లీలు చాలు. కారం దట్టించిన బోటి తిన్నాక ఏ విస్కీ అయినా ఒకటే.

పెగ్గు లెక్క మరిచిపోవద్దు. మామూలు విస్కీ 42.8 శాతం. దాని 60 మి.లీ. పెగ్గులో ఉండే ఆల్కహాల్ ఫ్యూజన్‌లో దాదాపు 51 మి.లీ.కే వచ్చేస్తుంది.

దాచే సంగతికొద్దాం. సీసాలో విస్కీ ముదరదు. 2012లో నింపిన సీసా ఇవ్వాళ తెరిచినా 2012 సరుకే. ధర పెరిగేది వయసును బట్టి కాదు, దొరకనితనాన్ని బట్టి. లండన్‌లో 2023 నవంబరులో వేలంలో 21 లక్షల పౌండ్లు దాటిన మకాలన్ 1926 అనే స్కాచ్, ఒక్క పీపా నుంచి 1986లో తీసిన 40 సీసాల్లో ఒకటి. అమృత్‌లోనే 2013లో వచ్చిన ఎనిమిదేండ్ల గ్రీడీ ఏంజెల్స్ అనే మాల్ట్ 144 సీసాలే. ఫ్యూజన్ ఏటా తయారవుతూనే ఉంటుంది. పైగా ఎక్సైజ్ లైసెన్సు లేనిదే ఇంట్లోంచి ఒక్క సీసా అమ్మినా కేసే. కొనడానికి దారి ఉంది, అమ్మడానికి లేదు.

ఎండ ఇంకో దెబ్బ. మిర్యాలగూడ, నల్లగొండల్లో మేలో 44 డిగ్రీలు మామూలు, స్లాబు కింది పై అంతస్తు గది రాత్రికీ చల్లారదు. గది 15 డిగ్రీలు వేడెక్కితే 750 మి.లీ. విస్కీ 9 మి.లీ. దాకా ఉబ్బుతుంది. లోపలి గాలి బిరడాను తోస్తుంది, తెల్లారి చల్లబడ్డాక బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. వేసవి పొడుగునా ఇదే తంతు. అందుకే పాత సీసాల్లో మట్టం మెడ కిందికి దిగి కనబడుతుంది.

కాబట్టి కింది అంతస్తులో, ఎండ తగలని లోపలి గోడ పక్కన, దాని డబ్బాలోనే నిలబెట్టి ఉంచండి. వైన్ లాగా పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. తెరిచాక సగానికొస్తే మూడు నాలుగు నెలల్లో ముగించాలి. అడుగున కొద్దిగా మిగిలితే కడిగి ఆరబెట్టిన క్వార్టర్ సీసాలోకి అంచుదాకా వంపేయండి, గాలి తగలదు. బిరడా విరిగితే కాఫీ ఫిల్టర్ కాగితంలో వడగట్టి వేరే మూత పెట్టుకోవచ్చు. అందుకు పాత సీసాల బిరడాలు రెండు మూడు దాచుకోవాలి.

కొనేటప్పుడు మూత మీది ఎక్సైజ్ హోలోగ్రామ్ చిరగకుండా ఉందా, మట్టం పక్క సీసాలతో సమంగా ఉందా చూడండి. షాపు ముందు అద్దంలో ఎండకు నెలల తరబడి నిలబడ్డ సీసాను వద్దని, వెనక పెట్టెలోది అడగండి. తాగడం అయిపోయాక లేబుల్ గీకి పారేయండి. ఖరీదైన ఖాళీ సీసాలకు గిరాకీ ఎందుకుంటుందో పాతసామాను కొనేవాళ్లకు బాగా తెలుసు.