వందసార్లు ఉతికినా చెక్కుచెదరదన్న బొమ్మ మూడో ఉతుకుకే ఊడిపోయింది

నల్ల టీషర్టు. గుండెల మీద కరెంటు తీగ, తీగ మీద హెడ్‌ఫోన్లు తగిలించుకున్న కాకి. చూడగానే మనసు పారేసుకున్నాను. చిన్న చిన్న స్వతంత్ర లేబుళ్ల (బట్టల బ్రాండ్ల) టీషర్టులు ఏరుకుని కొనే పిచ్చి నాకు పదిహేనేళ్లుగా ఉంది. బట్టను వేళ్లతో నలిపి చూసి బరువు చెప్పగలనని లోలోపల కాస్త గర్వం కూడా ఉంది. అయినా బొక్కబోర్లా పడ్డాను. ఇలాంటి బొమ్మల చొక్కాలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. ఆ లేబుల్ పేరు మాత్రం చెప్పను. చెప్పినా మీకు ఉపయోగపడదు, ఎందుకో చివరికి తెలుస్తుంది.

వాళ్లు రాసుకున్నది ఇది: 240 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరు బట్ట 240 గ్రాములు) బరువైన కోంబ్డ్ కాటన్ (పొట్టి పోగులు దువ్వి తీసేసిన నూలు), ఆరు రంగుల స్క్రీన్ ప్రింటింగ్, అంతా చేతి పని. బొమ్మ వేసింది తమ సొంత చిత్రకారుడు. మొత్తం 200 చొక్కాలే, ప్రతిదానికీ చేత్తో రాసిన సంఖ్య. పేజీ పైన ఎర్ర అంకెల గడియారం వెనక్కి నడుస్తోంది, ఇంకా పదకొండు నిమిషాలేనట. ఆ కంగారులో కొనేశాను. ఇందులో నిజమని తేలింది ఒక్కటే, చొక్కా నల్లగా ఉండటం. ఆ నలుపు కూడా మొదటి ఉతుకు వరకే.

పార్సిల్ విప్పి బొమ్మ మీద చెయ్యి వేయగానే అనుమానం వచ్చింది. స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగుకు ఒక్కో తెర ఉంటుంది. తెర మీద ఇంకు పోసి రబ్బరు పలకతో లాగితే అది బట్ట మీదికి దిగుతుంది. అందుకే తడిమి చూస్తే ఒక రంగు మీదికి ఇంకో రంగు ఎక్కిన అంచు సన్నగా తగులుతుంది. అక్షరాల మధ్య ఖాళీలో వట్టి బట్టే ఉంటుంది. నా చొక్కా మీద కాకి, తీగ, కింది చిన్న అక్షరాలు అన్నీ కలిసి ఒకే ప్లాస్టిక్ పొరలా ఉన్నాయి. వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే అక్షరాల చుట్టూ జిగురు అంచు మెరిసింది. అది డీటీఎఫ్, అంటే డైరెక్ట్ టు ఫిల్మ్. ఫిల్మ్ మీద ఇంక్‌జెట్ మిషనుతో బొమ్మ వేసి, వెనక జిగురు పొడి చల్లి కరిగించి, వేడి ప్రెస్సుతో బట్టకు అంటించే పద్ధతి.

డీటీఎఫ్ మీద నాకు కోపం లేదు. శ్రద్ధగా చేస్తే అది కూడా చాలా ఉతుకులు తట్టుకుంటుంది. పది చొక్కాలు మాత్రమే వేయించుకునే కొత్త లేబుల్‌కు, రంగుకో తెర చేయించుకునే స్తోమత లేనప్పుడు, అదే మంచి దారి. ఆ మాట అక్కడ రాసి ఉంటే బహుశా అయినా కొనేవాణ్ణే. నేను డబ్బు కట్టింది చేతి అచ్చుకు, ఇంటికి వచ్చింది స్టిక్కరు.

సరే, ఉతికి చూద్దామనుకున్నాను. లోపలి కార్డు మీద చెప్పినట్టే తిరగేసి, చన్నీళ్లలో వేసి, నీడన ఆరేశాను. బొమ్మ మీద ఇస్త్రీ పెట్టలేదు. రెండో ఉతుకుకు రెక్క మీద బీటలు వచ్చాయి. మూడో ఉతుకుకు కాకి కన్ను ఊడి వాషింగ్ మెషిన్ జల్లెడలో దొరికింది. అంటించేటప్పుడు వేడి గానీ ఒత్తిడి గానీ చాలకపోతే ఇలాగే అవుతుంది. ఈలోగా పక్క కుట్టు మెలితిరిగి ముందుకు వచ్చేసింది. నూలులో పురి మిగిలి ఉండగా, అల్లిన బట్టను కుదురుకోనివ్వకుండా కోసి కుడితే ఉతికాక చొక్కా ఇలా ఒక పక్కకు తిరుగుతుంది.

అప్పుడు కత్తెర తీశాను. వీపు భాగం నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్ల చదరం కోసి, నగలు తూచే చిన్న త్రాసు మీద పెట్టాను. 1.52 గ్రాములు. చదరపు మీటరులో ఇలాంటి ముక్కలు 100 పడతాయి కాబట్టి బట్ట 152 జీఎస్‌ఎం. ఉతికిన నూలు బట్ట కుంచించుకుని చిక్కబడుతుంది గనుక కొత్తగా ఉన్నప్పుడు అంతకన్నా పలచనే అయి ఉండాలి. 240 ఎక్కడ, ఇదెక్కడ? మెడ వెనక వాళ్ల లేబుల్ కుట్టు విప్పి చూస్తే, కింద ఇంకో లేబుల్‌ను కత్తిరించిన మొదలు, నాలుగు తెల్ల దారపు పోగులు కనిపించాయి. ఎవరో తయారుచేసిన సాదా చొక్కా తెచ్చి తమ పేరు కుట్టారు. చాలా లేబుళ్లు సాదా చొక్కాలు కొనే బొమ్మ వేస్తాయి, అందులో దాపరికం అక్కర్లేదు. వీళ్లు మాత్రం తామే కుట్టించామని రాసుకున్నారు.

చొక్కాతో వచ్చిన సంఖ్య కార్డు మీద ‘200లో 47’ అని ఉంది. చూడటానికి పెన్నుతో రాసినట్టే ఉంది. కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలు తిరగేస్తుంటే ఇంకొకరి కార్డు కనిపించింది. 47. ఇంకో ఫొటోలోనూ 47. ఏడు తోక దగ్గర చిన్న సిరా మచ్చ కూడా అదే చోట. చేతిరాతను అచ్చు కొట్టించారు.

నన్ను నిజంగా బాధపెట్టింది మాత్రం కాకి సంగతి. బొమ్మను ఫొటో తీసి చిత్రాల వెతుకులాటలో పెడితే, చాలా ఏళ్ల కిందట ఒక చిత్రకారిణి తన పేజీలో పెట్టిన అసలు బొమ్మ దొరికింది. అందులో తీగ చివర చిన్న సంతకం ఉంది. నా చొక్కా మీద సరిగ్గా అక్కడే, చెరిపేసినట్టు మసక మరక. ఆమెకు రాస్తే, ఎవరికీ అనుమతి ఇవ్వలేదని, ఇలా కనబడటం ఇది మొదటిసారి కాదని జవాబిచ్చింది.

ఈ చిన్న లేబుళ్ల టీషర్టుల లోకానికి వేళ్లలో ఒకటి సంతకమే. సర్ఫ్‌బోర్డులు తయారుచేసే షాన్ స్టూసీ 1980ల తొలినాళ్లలో, బోర్డుల మీద గీసే తన సంతకాన్నే టీషర్టుల మీద వేసి అమ్మడం మొదలుపెట్టాడు. 2000లో మొదలైన త్రెడ్‌లెస్ అనే టీషర్టుల వెబ్‌సైట్, చిత్రకారులు పంపిన బొమ్మలకు జనం చేత ఓట్లు వేయించి, గెలిచినవాటిని అచ్చు వేసి, బొమ్మ గీసినవాళ్లకు డబ్బు ఇచ్చింది. కొద్ది చొక్కాలే వేయడం కూడా మొదట్లో గొప్ప కోసం కాదు. చిన్న లేబుళ్లకు అంతకు మించి పెట్టుబడి ఉండేది కాదు. ఇప్పుడు ఆ కొరతను గడియారంతో నటిస్తున్నారు. తర్వాత ఇంకో బ్రౌజర్‌లో అదే పేజీ తెరిచాను. గడియారం మళ్లీ పదకొండు నిమిషాల దగ్గరే మొదలైంది.

డబ్బు వాపసు అడిగితే ముందు ‘తప్పుగా ఉతికారు’ అన్నారు. కోసిన ముక్క త్రాసు మీద ఉన్న ఫొటో పంపాను. ‘కత్తిరించిన సరుకు వెనక్కి తీసుకోం’ అన్నారు. ఆ మాటకు నవ్వొచ్చింది గానీ, తప్పు నాదీ ఉంది. మొదటి రోజు అనుమానం వచ్చినప్పుడే ఉతక్కుండా తిప్పి పంపాల్సింది. మూడో సందేశం తర్వాత నన్ను బ్లాక్ చేశారు. వివరణ, ఫొటోలు, చిత్రకారిణి జవాబు కలిపి కార్డు ఇచ్చిన బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు. మీకు ఇలాంటిదే జరిగితే ఆలస్యం చేయకండి, ఆ ఫిర్యాదులకు గడువు ఉంటుంది. కొన్న రోజే అమ్మకం పేజీని ఫొటో తీసి పెట్టుకోండి. నా దగ్గర ఆ ఫొటో ఉండబట్టే 240 అన్న మాట చూపించగలిగాను, ఎందుకంటే వాళ్లు దాన్ని తర్వాత ‘ప్రీమియం బట్ట’ అని మార్చేశారు.

కొనేముందు నేను చేయాల్సి ఉండి చేయనివి కొన్ని ఉన్నాయి. వాళ్ల పేజీలో నాలుగు వేర్వేరు టీషర్టుల ఫొటోలను పక్కపక్కన పెట్టి చూడండి. మోచేతి దగ్గర ముడత, నడుము దగ్గర మడత నాలుగింటిలోనూ ఒకేలా ఉంటే అక్కడ చొక్కా లేదు, ఒకే ఫొటో మీద కంప్యూటర్లో అతికించిన బొమ్మలే ఉన్నాయి. బొమ్మను వెతుకులాటలో పెట్టడానికి అర నిమిషం పడుతుంది. గీసింది ఎవరని అడగండి. అచ్చు పద్ధతి ఏదని అడిగి, బొమ్మను దగ్గరగా తీసిన ఫొటో, చొక్కా తిరగేసిన ఫొటో కావాలనండి. ఇంకో చిన్న లేబుల్‌ను ఇదే అడిగితే, ఆ యజమాని తెరల ఫొటోలు, ఇంకు డబ్బాలు, చివరికి చెడిపోయిన రెండు చొక్కాలు కూడా చూపించి అరగంట ముచ్చట పెట్టాడు. పని చేసేవాడికి పని గురించి అడిగితే సంబరం. కాకి చొక్కా అమ్మినవాళ్లు మాత్రం, కొన్నాక నేను అడిగిన ప్రశ్నకు నిప్పు ఎమోజీ ఒకటి, ‘త్వరపడండి’ అన్న మాట ఒకటి పంపారు.

సైజు విషయంలో అక్షరాన్ని నమ్మవద్దు. చొక్కాను బల్ల మీద పరిచి చంక నుంచి చంకకు ఎంత వస్తుందో అడిగి, మీకు సరిపోయే చొక్కాతో పోల్చుకోండి. చేతికి వచ్చాక, ఉతకకముందే బొమ్మను రెండు వేళ్లతో మెల్లగా సాగదీయండి. నిజమైన స్క్రీన్ ప్రింటింగైనా సరే, మామూలుగా వాడే ప్లాస్టిసాల్ (వేడికి గట్టిపడే ప్లాస్టిక్ రకం) ఇంకుకు దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ వేడి పూర్తిగా అందకపోతే అక్కడే బీటలిస్తుంది. బీట కనబడితే వెంటనే ఫొటో తీసి వెనక్కి పంపండి.

ఇక పేరు సంగతి. నిన్న రాత్రి ఆ పేజీ కోసం వెతికితే కనబడలేదు. దాని బదులు కొత్త పేరు, కొత్త లోగోతో ఇంకో లేబుల్ దొరికింది. అదే కాకి, తీగ చివర అదే మరక. ఎర్ర గడియారం పదకొండు నిమిషాలు చూపిస్తోంది. ఈసారి మొత్తం 100 చొక్కాలేనట. నమూనా ఫొటోలో కార్డు మీద సంఖ్య 47.